ఉపయోగం మనకి, సరదా వాళ్ళకా?

కార్ల ప్రకటనలు వరసగా ఓ నాలుగు చూడండి. కొండదారిలో దుమ్ము రేపుకుంటూ దూసుకుపోయే బండిలో ఉన్నది మగవాడు. స్కూలు గేటు ముందు జాగ్రత్తగా ఆగే బండిలో ఉన్నది తల్లి. అతనితో మాట్లాడేటప్పుడు వేగం, శక్తి, సాహసం. ఆమెతో మాట్లాడేటప్పుడు సులువు, భద్రత, రంగులు, కూరగాయల సంచీ పట్టే చోటు. కంపెనీ ఒకటే, ఒక్కోసారి బండి కూడా ఒకటే. ఇంటిపనిలో శ్రమ విభజన గురించి మనం ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుతున్నాం, రాస్తున్నాం. సరదాలో కూడా అలాంటి విభజనే ఉందని, అది మనం వస్తువులు కొనే పద్ధతిలోకి కూడా దూరిందని అంతగా మాట్లాడుకోలేదు. ఒక స్త్రీ కారు కొంటానంటే మొదటి ప్రశ్న "దేనికి?" అని. ఆఫీసుకనో, పిల్లల కోసమనో, అమ్మని ఆస్పత్రికి తీసుకెళ్ళడానికనో జవాబు చెప్పాలి. "నడపడం నాకిష్టం" అన్నది జవాబుగా చెల్లదు. అదే జవాబు తమ్ముడు చెప్తే ఇంట్లో అందరూ నవ్వి ఊరుకుంటారు.

హక్కుల పత్రికలో కార్ల గోల ఏమిటని కొందరు మిత్రులు చిరాకు పడొచ్చు. న్యాయమైన చిరాకే. మన రాష్ట్రాల్లో ఎక్కువమంది స్త్రీలకి ప్రయాణం అంటే బస్సూ, షేర్ ఆటో, కాలినడకే. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకి ఉచిత ప్రయాణం వచ్చాక ఎంతమంది కదిలారో, ఎక్కడెక్కడికి కదిలారో మనం చూస్తూనే ఉన్నాం. ఆ స్త్రీలు పుట్టింటికీ గుడికీ "ఊరికే" వెళ్తున్నారని ఎద్దేవా చేసినవాళ్ళ మాటలు గుర్తు చేసుకుంటే చాలు, కారు విషయం కూడా అదే కథ అని తెలుస్తుంది. అవసరానికి కదిలే స్త్రీ అంటే జాలి, ఇష్టంతో కదిలే స్త్రీ అంటే అనుమానం. పైగా కారు అనేది ఇప్పుడు డబ్బున్నవాళ్ళ ఇంటి వ్యవహారం మాత్రమే కాదు. జిల్లా కేంద్రాల్లో పనిచేసే టీచర్లు, నర్సులు, బ్యాంకు ఉద్యోగినులు వాయిదాల మీద కొంటున్నారు. మన సంఘాలూ కొంటున్నాయి. పోయిన ఏడాది మా సంస్థలో పాత జీపు అమ్మేసి ఇంకో బండి కొనాల్సి వచ్చినప్పుడు జరిగిన చర్చలే ఈ వ్యాసానికి కారణం. ఆ చర్చల్లో చాలాసేపు నేను ఒంటరిదాన్ని.

పనికొచ్చేదీ, సరదా అయినదీ రెండూ ఒకే బండిలో కోరుకోవడం అత్యాశ కాదు. తమిళనాడులో పుదుక్కోట్టై జిల్లా స్త్రీలు దీన్ని ముప్ఫై ఏళ్ళ క్రితమే తేల్చేశారు. 1990ల మొదట్లో అక్కడ సాక్షరతా ఉద్యమంలో భాగంగా, షీలారాణి చుంకత్ కలెక్టరుగా ఉన్నప్పుడు, సైకిలు నేర్పించడం ఒక కార్యక్రమంగా పెట్టుకున్నారు. లక్ష మందికి పైగా గ్రామీణ స్త్రీలు నేర్చుకున్నారని పి. సాయినాథ్ రాశారు. అందులో నాకు బాగా నచ్చిన సంగతి, లేడీస్ సైకిళ్ళు దొరక్కపోతే వాళ్ళు జెంట్స్ సైకిళ్ళే తీసుకున్నారు. కొందరికైతే అవే ఎక్కువ నచ్చాయి. సీటు నుంచి హ్యాండిలు దాకా అడ్డంగా ఉండే ఆ కడ్డీ మీద పిల్లని కూర్చోబెట్టుకోవచ్చు. "ఆడవాళ్ళ సైకిలు" అని ఎవరో గీసిపెట్టిన బొమ్మ కంటే తమ అవసరం వాళ్ళకి బాగా తెలుసు. సైకిలు వాళ్ళకి నీళ్ళు మోసింది, పొలానికీ బడికీ చేర్చింది. ఆ స్త్రీలు సైకిళ్ళ మీద పాటలు కట్టుకుని పాడారు కూడా. నీళ్ళు మోసే పనిముట్టు మీద ఎవరూ ఊరికే పాట కట్టుకోరు.

"ఆడవాళ్ళ కారు" అనే బొమ్మ కూడా ఒకసారి గీశారు. 1955లో అమెరికాలో డాడ్జ్ కంపెనీ 'లా ఫామ్' అని ఒక కారు తెచ్చింది. గులాబీ రంగు, తెలుపు. కారుతో పాటు అదే రంగులో చేతిసంచీ, లిప్‌స్టిక్కు, పౌడరు డబ్బా, వానకోటు, గొడుగు ఇచ్చారు. కారు మాత్రం అప్పటికే అమ్ముతున్న వేరే కారే. సీటు ఎత్తుగానీ, పెడళ్ళ దూరంగానీ, కిటికీలోంచి చూపుగానీ ఆడవాళ్ళ కోసం ఒక్క అంగుళం మార్చలేదు. రెండేళ్ళలోనే దాన్ని ఆపేశారు. ఆడవాళ్ళకి కార్ల మీద ఆసక్తి లేదనడానికి దాన్ని ఉదాహరణగా చెప్పినవాళ్ళున్నారుట! స్త్రీలు తిరస్కరించింది కారుని కాదు, గొడుగుని.

అసలు మొదటి దూరప్రయాణం చేసిందే ఒక స్త్రీ. 1888 ఆగస్టులో జర్మనీలో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, భర్తకి చెప్పకుండా, మన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి వంద కిలోమీటర్ల పైచిలుకు కారు నడుపుకుంటూ పోయింది. దారిలో పెట్రోలు గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో తీసింది. ఇంధనం మందుల షాపులో కొంది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తుల మీద బండి ఎక్కకపోతే పిల్లలు దిగి తోశారు. తిరిగొచ్చాక, కొండ ఎక్కడానికి ఇంకో గేరు కావాలని చెప్పింది. ఇంకో సంగతి మన పాఠకులకి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్ళికి ముందే ఆమె తన కట్నం డబ్బులో కొంత కార్ల్ బెంజ్ కార్ఖానాలో పెట్టింది. పేటెంటు మాత్రం ఆయన పేరు మీదే. కట్నమూ కారూ అన్న రెండు మాటలు అప్పటినించే కలిసి ఉన్నాయి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇక ఎంపిక. మొదట ఉపయోగం సంగతి చూద్దాం, ఎందుకంటే మనకి అదైనా సరిగ్గా ఇస్తున్నారా అన్నది తేలాలి.

షోరూములో మీరు అడగాల్సింది మైలేజి కాదు. అది వాళ్ళు అడక్కుండానే చెప్తారు. బండెక్కి కూర్చుని, చెప్పులు సర్దుకుని, క్లచ్ పూర్తిగా నొక్కండి. అలా నొక్కినప్పుడు నడుము సీటుని వదిలి ముందుకి జారుతోందా? జారితే ఆ బండి మీ కోసం చేసింది కాదు. మన దేశంలో సగటు స్త్రీ ఎత్తు సుమారు 152 సెంటీమీటర్లు, అంటే అయిదడుగులు. ఈ ఎత్తువాళ్ళు కాళ్ళు అందడానికి సీటు ముందుకి లాక్కుంటారు. రోడ్డు కనపడటానికి నిటారుగా కూర్చుంటారు. దాంతో ఛాతీ స్టీరింగుకి దగ్గరవుతుంది. గుద్దుకున్నప్పుడు స్టీరింగులోంచి ఎయిర్ బ్యాగు పేలినట్టు బయటికొస్తుంది. దానికీ ఛాతీకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్లు, అంటే పది అంగుళాలు ఉండాలంటారు. ఒక జానెడు కంటే ఇంకాస్త ఎక్కువన్నమాట. సీటు పైకి లేపే మీట ఉంటే ఈ బాధ సగం తీరుతుంది. స్టీరింగుని కిందికి దించడానికీ దగ్గరికి దూరానికీ జరపడానికీ వీలుంటే మిగతా సగం తీరుతుంది. కానీ చాలా చిన్న కార్లలో సీటు ఎత్తే మీట ఖరీదైన రకాల్లోనే పెడతారు. పొట్టివాళ్ళకి రోడ్డు కనపడటం ఒక విలాసం, పాటల పెట్టెలాగా! అన్ని రకాల్లోనూ ఉండి తీరాల్సిన వస్తువుల జాబితాలో దీన్ని చేర్చమని స్త్రీల సంఘాలు ఎందుకు అడగకూడదు?

భద్రత పేరు చెప్పి మనకి కార్లు అమ్ముతారు కాబట్టి ఆ భద్రత ఎవరి శరీరం మీద కొలిచారో కూడా అడగాలి. కారుని గోడకి గుద్ది చూసే పరీక్షల్లో మనుషుల బదులు బొమ్మల్ని కూర్చోబెడతారు. 1970ల నుంచి ప్రపంచమంతా వాడుతున్న ముఖ్యమైన బొమ్మ ఒక సగటు అమెరికన్ మగవాడిది. ఎత్తు 175 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు. ఆడబొమ్మ కూడా ఉంది. అది ఆ మగబొమ్మనే కుదించి చేసింది. ఎత్తు దాదాపు అయిదడుగులు, బరువు 49 కిలోలు. అమెరికా లెక్కలో అది నూటికి అయిదుగురు మాత్రమే అంత చిన్నగా ఉండే స్త్రీ. మన లెక్కలో అది మన ఇంట్లో, మన సంఘంలో, మన పక్కన కూర్చున్న మామూలు మనిషి. అమెరికాలో 2011 మోడళ్ళ నుంచి ఎదురుగా గుద్దే పరీక్షలో ఆ బొమ్మకి చోటు దొరికింది. ఎక్కడ? డ్రైవరు పక్క సీట్లో! సగటు స్త్రీ శరీర నిర్మాణంతో ఒక బొమ్మని స్వీడన్ పరిశోధకురాలు ఆస్ట్రిడ్ లిండర్ బృందం 2022లో గాని బయటపెట్టలేదు. ఈ నిర్లక్ష్యానికి లెక్క కూడా ఉంది. సీటు బెల్టు పెట్టుకున్నవాళ్ళలోనే పోల్చి చూసినా, ఎదురుగా గుద్దుకున్న ప్రమాదాల్లో స్త్రీలు తీవ్రంగా గాయపడే అవకాశం పురుషుల కంటే 73 శాతం ఎక్కువని వర్జీనియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2019లో తేల్చారు.

మన దగ్గర కథ ఇంకా మొరటుగా ఉండేది. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ అనే సంస్థ మన దేశంలో అమ్మే అయిదు చిన్న కార్లని, ఆల్టో, నానో, ఐ10, ఫిగో, పోలోల్లో ఎయిర్ బ్యాగులు లేని రకాలని గుద్ది చూస్తే, పెద్దవాళ్ళ రక్షణలో అయిదింటికీ సున్నా వచ్చింది. 2018 డిసెంబరులో టాటా నెక్సాన్ 5 నక్షత్రాలు తెచ్చుకుంది. మన దేశంలో తయారైన కార్లలో అదే మొదటిది. 2023 అక్టోబరు నుంచి మనకే సొంతంగా భారత్ ఎన్‌క్యాప్ ఉంది. మంచిదే. మధ్యలో జరిగిన ఒక చిన్న విషయం మాత్రం నేను మర్చిపోలేను. డ్రైవరు సీటుకి ఎయిర్ బ్యాగు 2019 జులై నుంచి తప్పనిసరి చేశారు. పక్క సీటుకి తప్పనిసరి చేసింది 2021లో. అదీ మొదట కొత్త మోడళ్ళకి. సగటు తెలుగు కుటుంబం కారులో డ్రైవరు సీట్లో ఎవరు, పక్క సీట్లో ఒళ్ళో పిల్లతో ఎవరు ఉంటారో వేరే చెప్పక్కర్లేదు. ఆ రెండేళ్ళ తేడాలో ఎవరి ప్రాణం ఖరీదు ఎంతో ఒక్క నోటిఫికేషనులోనే తెలిసిపోయింది. సెకండ్ హ్యాండు కారు కొనేవాళ్ళు ఈ తారీఖులు గుర్తుపెట్టుకోండి. 2018 నాటి చవక రకంలో అసలు ఒక్క ఎయిర్ బ్యాగూ లేకపోవచ్చు. 2020 నాటి దాంట్లో ఒక్కటే ఉండొచ్చు.

ఇక సరదా. ఈ మాట దగ్గరే మా సమావేశంలో గొడవ మొదలైంది. సరదాగా నడిచే బండి అంటే గంటకి నూట నలభై పోయే బండి అని అందరూ అనుకున్నారు. అది మగవాళ్ళ ప్రకటనలు మనకి నేర్పిన అర్థం. నడపడం సరదా అంటే నా లెక్కలో వేరు. చెయ్యి ఎంత తిప్పితే చక్రం అంత తిరగాలి, స్టీరింగులోంచి రోడ్డు గరుకుతనం చేతికి తెలియాలి. గేరు వెన్నముద్దలా పడాలి, తడుముకోకూడదు. బ్రేకు మొదటి అంగుళంలోనే బెదిరించకూడదు. ఇంజను అడిగిన వెంటనే పలకాలి. దోర్నాల నుంచి శ్రీశైలం ఎక్కే ఘాట్‌లో మలుపుకి ముందు మూడు నుంచి రెండుకి దించి, మలుపు మధ్యలో మెల్లిగా యాక్సిలరేటరు నొక్కితే బండి మనల్ని మోసుకుంటూ బయటికొస్తుంది చూడండి, అదీ సరదా. అప్పుడు స్పీడోమీటరులో నలభై కూడా ఉండదు. దానికి పెద్ద ఇంజను అక్కర్లేదు. తేలిగ్గా ఉండి, మాట వినే బండి కావాలి. నాకు పెద్ద పెద్ద ఎస్‌యూవీలు నచ్చకపోవడానికి కారణం కూడా అదే. ఎత్తు మీద కూర్చుంటే ధైర్యంగా ఉంటుందని చాలామంది స్త్రీలు చెప్తారు, ఆ మాటని నేను కొట్టిపారెయ్యను. రోడ్డు మీద మనల్ని ఎలా చూస్తారో తెలుసు కాబట్టి ఆ ధైర్యం ఎందుకు కావాలో నాకూ తెలుసు. కానీ ఆ బండ్లు మలుపులో ఒరుగుతాయి, ఇరుకు వీధుల్లో మనల్ని భయపెడతాయి, ముందు నుంచి పోయే చిన్నపిల్లలు కనపడరు.

ఈ సరదాకీ పనికీ నిజంగానే తగువున్న చోట్లు ఉన్నాయి. స్విఫ్ట్ సంగతే తీసుకోండి. 2005లో వచ్చినప్పటినుంచీ, అంత ధరలో అంత హుషారుగా నడిచే బండి లేదని నడిపిన ప్రతివాళ్ళూ అన్నారు, నేనూ అంటాను. 2018 రకానికి గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో వచ్చినవి 2 నక్షత్రాలు. పరీక్ష కఠినం చేశాక 2022లో వచ్చింది 1. ఆ తేలికదనానికి అంత ఖరీదు పెట్టాలా అని మా సంస్థలో ఒకావిడ అడిగింది. మంచి ప్రశ్న. పోలో గట్టి బండి, నడపడానికి హాయి. రెండు ఎయిర్ బ్యాగులతో 2014లోనే 4 నక్షత్రాలు తెచ్చుకుంది. కానీ 2022లో ఇక్కడ తయారీ ఆపేశారు. సెకండ్ హ్యాండులో దొరుకుతుంది, విడిభాగాలు మాత్రం జేబుకి బరువు. ఆల్ట్రోజ్‌కి 2020లో 5 నక్షత్రాలు. దాని తలుపులు తొంభై డిగ్రీలు తెరుచుకుంటాయి. నిండు గర్భిణిని ఎక్కించాల్సి వచ్చినప్పుడు ఆ తలుపు విలువ తెలుస్తుంది. నలుగురు ఎక్కితే మాత్రం మామూలు పెట్రోలు ఇంజను నాకు బద్ధకంగా అనిపించింది. 2024లో కొత్త స్విఫ్ట్ అన్ని రకాల్లోనూ ఆరు ఎయిర్ బ్యాగులతో వచ్చింది. అదే ఏడు దాని తోబుట్టువు డిజైరు 5 నక్షత్రాలు తెచ్చుకుంది. తేలికైన బండి గట్టిగా ఉండకూడదన్న నియమం ఏమీ లేదని తేలింది. కంపెనీలు అంతకుముందు ఎందుకు చెయ్యలేదన్నది వేరే విషయం. మనం గట్టిగా అడగలేదు కూడా.

ఆటోమేటిక్ గేర్ల గురించి నాకు చాలామంది మిత్రులతో పేచీ ఉంది. 2014లో సెలేరియోతో చవక ఆటోమేటిక్‌లు వచ్చాక "ఆడవాళ్ళకి ఆటోమేటిక్కే మంచిది" అన్నది ఒక సలహాగా స్థిరపడిపోయింది. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి, హైదరాబాదు ట్రాఫిక్‌లో రోజుకి రెండు గంటలు క్లచ్ తొక్కేవాళ్ళకి అది వరమే. నేను కాదనను. కానీ ఆ సలహా వెనక ఉన్నది మోకాలు కాదు, మనకి గేర్లు రావన్న నమ్మకం. మేం ఒక షోరూముకి వెళ్ళినప్పుడు, నేను గేరు బండి అడిగితే అమ్మకాల కుర్రాడు నా వెనకాల నిలబడ్డ మా ఆఫీసు అటెండరుతో "సార్, మేడంకి ఆటోమేటిక్ అయితే ఈజీ సార్" అన్నాడు. అటెండరుకి డ్రైవింగే రాదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి నా సలహా మాత్రం ఒకటే. ముందు గేరు బండి మీద నేర్చుకోండి. అర్ధరాత్రి ఎవరి బండి తాళాలు చేతికొస్తాయో మనం ముందుగా ఎంచుకోలేం. కరెంటు కార్లు వచ్చాక గేర్ల గొడవే లేదంటారు. నిజం, ఆ బండి కాలు పెట్టగానే ఉరుకుతుంది, అదొక రకం సరదా. ఇంటి దగ్గరో ఆఫీసు దగ్గరో ఛార్జింగు పెట్టుకునే చోటున్న ఊరి ప్రయాణాలకి చక్కగా పనికొస్తుంది. రోజూ మండలాలు తిరిగే మన పనికి, ఏ ఊళ్ళో రాత్రి ఆగాలో తెలియని పనికి, దాని మీద ఆధారపడదామని నేను ఇప్పుడే చెప్పలేను.

కట్నం దగ్గరికి వస్తానన్నాను. మన దగ్గర కారు అనే మాట చాలామంది ఆడపిల్లల జీవితంలోకి మొదట వచ్చేది పెళ్ళి మాటల్లో. "పిల్లకి కారు పెడుతున్నాం" అంటారు. పెడుతున్నది పిల్లకి కాదు. బండి ఎంపిక అల్లుడిది, రంగు అల్లుడిది, రిజిస్ట్రేషను అల్లుడి పేరు మీద, డబ్బు పిల్ల తండ్రిది. మన దగ్గరికి కేసులు వచ్చినప్పుడు సామాన్ల జాబితాలో కారు కూడా ఉంటుంది. దాని ఆర్‌సి చూస్తే ఆమె పేరు ఎక్కడా ఉండదు. వరకట్న నిషేధ చట్టం 6వ సెక్షను ప్రకారం, కట్నంగా ఇచ్చింది ఎవరి చేతికి వెళ్ళినా మూడు నెలల్లోగా ఆమెకి బదిలీ చెయ్యాలి, అప్పటిదాకా ఆమె తరఫున దాచిపెట్టినట్టు మాత్రమే ఉంచుకోవాలి. గృహహింస చట్టం 19వ సెక్షను కింద స్త్రీధనం తిరిగి ఇప్పించమని మెజిస్ట్రేటుని అడగొచ్చు. కట్నం ఇవ్వొద్దన్నదే మన మాట. కానీ కౌన్సెలింగుకి వచ్చే తల్లిదండ్రులకి ఈ సెక్షన్లు చెప్పడం మన పని. ఉద్యోగం చేస్తూ తన జీతంలోంచి వాయిదాలు కట్టే అమ్మాయిలకి కూడా చెప్పాలి: లోను నీ పేరు మీద ఉండి ఆర్‌సి ఇంకొకరి పేరు మీద ఉండటానికి ఒప్పుకోకు. సెకండ్ హ్యాండు బండి అయితే 29, 30 ఫారాల మీద సంతకాలయ్యి, పాత లోను తీరినట్టు 35వ ఫారం చేతికొచ్చేదాకా పూర్తి డబ్బు ఇవ్వకు.

తాళం చెవి ఎవరి దగ్గరుంటుందన్నది ఆర్‌సి అంత పెద్ద విషయం. సౌదీలో 1990 నవంబరు 6న 47 మంది స్త్రీలు రియాద్ వీధుల్లో కార్లు నడిపినందుకు ఉద్యోగాలు, పాస్‌పోర్టులు పోగొట్టుకున్నారు. 2018 జూన్ 24న నిషేధం ఎత్తేశారు, దానికి నెల ముందు ఆ హక్కు అడిగిన స్త్రీలని జైల్లో పెట్టి మరీ ఎత్తేశారు. ఆ నిషేధం వల్లే మన కరీంనగర్, నిజామాబాదు వైపు నుంచి ఎంతోమంది మగవాళ్ళు అక్కడ ఇళ్ళల్లో "హౌస్ డ్రైవర్లు"గా పనిచేశారు. మనకి అలాంటి నిషేధం ఏనాడూ లేదు. లైసెన్సు తీసుకుని బీరువాలో పెట్టుకున్న స్త్రీలు మాత్రం ప్రతి వీధిలోనూ ఉన్నారు. "ఆదివారం నేర్పిస్తాలే" అన్న భర్త, మొదటి గీత పడగానే తాళం చెవి తీసి జేబులో వేసుకున్న భర్త, ఇద్దరూ ఒకరే.

మన సంస్థలు కూడా ఇందులో పెద్ద తేడాగా లేవని చెప్పాలి. స్త్రీల కార్యక్రమం, స్త్రీల సిబ్బంది, బండికి మాత్రం మగ డ్రైవరు. ఆయన ఆరింటికి ఇంటికి పోవాలంటే మీటింగు అయిదింటికి ముగుస్తుంది. పల్లెల్లో స్త్రీలు పనుల నుంచి తిరిగొచ్చేది ఆరింటికి. రాత్రి పది గంటలకి దెబ్బలు తిన్న మనిషి ఫోను చేస్తే, 108కి చెప్పి, పోలీసుకి చెప్పి, ఆ తర్వాత మన డ్రైవరు ఫోను ఎత్తుతాడా అని ఎదురుచూస్తాం. బండి మన ఆవరణలోనే ఉంటుంది. డ్రైవరు మీద నాకు కోపం లేదు, ఆయనకి కూడా పనిగంటలుండాలి. మా సమావేశంలో ఎక్కువమంది అడిగింది డ్రైవరుతో సహా తొమ్మిది సీట్ల పెద్ద బండి. నేను అడిగింది అయిదు సీట్ల చిన్న బండి, గట్టిది, నడపాలనిపించేది. కనీసం అయిదుగురం నడపగలగాలి. ఎందుకు "నడపాలనిపించేది" అని అంత పట్టు పట్టానంటే, బరువుగా మొండిగా ఉండే బండిని కొత్తగా నేర్చుకున్న మనిషి వారం రోజులు నడిపి, భుజాలు నొప్పిపుట్టి, మళ్ళీ వెనక సీట్లోకి పోతుంది. హాయిగా నడిచే బండి అయితే ఏదో ఒక పని కల్పించుకుని అయినా తీసుకెళ్తుంది. అలా తీసుకెళ్తేనే చెయ్యి తిరుగుతుంది. చెయ్యి తిరిగితేనే ఆ రాత్రి పది గంటలకి వెళ్ళగలుగుతుంది. సరదా ఉపయోగానికి అడ్డం అన్నవాళ్ళకి నేను చెప్పిన జవాబు ఇదే. అయితే ఇంత కారణం చెప్పి సరదాని సమర్థించుకోవాల్సి రావడం నాకు ఇప్పటికీ నచ్చదు. ఏ పనీ లేకుండా, ఆదివారం పొద్దున్నే, చెరువు గట్టు దాకా పోయి రావడానికి కూడా ఒక స్త్రీకి బండి కావాలనిపించొచ్చు.

చివరికి మూడేళ్ళు వాడిన చిన్న బండి ఒకటి కొన్నాం. సీటు పైకి లేస్తుంది, ఎయిర్ బ్యాగులు రెండు వైపులా ఉన్నాయి, డిక్కీలో జంపఖానాలూ మైకూ కరపత్రాల కట్టలూ పడతాయి. తొమ్మిది మంది పట్టరు. పెద్ద సభలకి బండి అద్దెకి తీసుకుంటున్నాం, లెక్క చూస్తే అదే చవకైంది. ఇప్పుడు ముగ్గురు నడుపుతున్నారు, ఇద్దరు ఇంకా ఎల్ బోర్డు మీద ఉన్నారు. వాళ్ళిద్దరి డ్రైవింగు స్కూలు ఫీజు దగ్గర మాకు కొత్త చిక్కొచ్చింది. నిధులిచ్చే వాళ్ళ బడ్జెట్ పత్రంలో "డ్రైవరు జీతం" అని ఒక వరస ఉంది, "ఇంధనం" అని ఒకటి, "మరమ్మతులు" అని ఒకటి. సిబ్బందికి డ్రైవింగు నేర్పించడానికి వరస లేదు. జీతం వరసలోంచి ఆ ఫీజు కట్టుకోవచ్చా అని రాసి రెండు నెలలైంది, ఇంకా జవాబు రాలేదు. మీ సంస్థల్లో ఎవరైనా దీన్ని ఏ పద్దు కింద రాశారో తెలియజెయ్యగలరు.